అదితి అశోక్ కెరీర్ అంటే ఆ నాలుగో స్థానమేనా?

#1 · గోల్కొండ_గ్రీన్

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో మెదులుతున్న విషయం ఇది. ఎక్కడ గోల్ఫ్ మాట వచ్చినా, అదితి అశోక్ పేరెత్తగానే ఎదుటివాళ్లు అనే మొదటి మాట ఒకటే: "పాపం, ఒలింపిక్స్‌లో కొద్దిలో మెడల్ పోయింది కదా!" అక్కడితో మాట మారిపోతుంది. పదేళ్లుగా ప్రొఫెషనల్‌గా ఆడుతున్న మనిషి గురించి మనకు తెలిసింది ఒక్క ఉదయమేనా అనిపిస్తుంది.

2021 ఆగస్టు 7, టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల గోల్ఫ్ చివరి రోజు, నాకు బాగా గుర్తు. తుపాను వస్తుందేమోనని ఆట ముందుగానే మొదలుపెట్టారు. మనకింకా తెల్లారలేదు. ఇంట్లో అందరూ నిద్రలో ఉంటే టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించి కూర్చున్నాను. కసుమిగసెకి కోర్సులో చివరి గ్రూపులో అమెరికా నెల్లీ కోర్డా, న్యూజిలాండ్ లిడియా కో, మన అదితి. క్లబ్బుల బ్యాగు మోసే క్యాడీ వాళ్లమ్మే. మూడు రోజులు ముగిసేసరికి కోర్డా తర్వాత రెండో స్థానం అదితిదే. చివరి రోజు ఐదు బర్డీలు, రెండు బోగీలు (హోల్‌కి పార్, అంటే నిర్ణయించిన స్ట్రోకుల లెక్క, కన్నా ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ). మధ్యలో ఉరుములతో కూడిన వాన వచ్చి ఆట ఆగింది. ఆ ఆగినసేపు నేను కుర్చీలోంచి లేవలేదు. చివరికి 18వ హోల్లో ఆమె బర్డీ పట్ (బంతిని కప్పులోకి దొర్లించే దెబ్బ) కప్పు పక్కనుంచి జారిపోయింది. కోర్డా 17 అండర్ (మొత్తం పార్ కన్నా 17 స్ట్రోకులు తక్కువ), కో, జపాన్ ఇనామి 16 అండర్, అదితి 15 అండర్. ఒక్క స్ట్రోక్ తేడాతో నాలుగో స్థానం.

అదే రోజు సాయంత్రం నీరజ్ చోప్రా బంగారు పతకం గెలిచాడు. దేశమంతా పండగ. అందరితో పాటు నేనూ సంబరపడ్డాను. కానీ పొద్దున్నది ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను.

అందుకే అడుగుతున్నా. ఈమె కెరీర్‌ని మీరంతా ఎలా చూస్తారు?

#2 · కొత్తబంతి

నేను క్రికెట్ మనిషిని. గోల్ఫ్ చూడటం మొదలుపెట్టిందే ఆ ఒలింపిక్స్‌తో. నిజం చెప్పాలంటే అప్పటికి బోగీ అంటే ఏమిటో కూడా తెలీదు, కామెంటరీ వింటూ నేర్చుకున్నాను. నాకున్న అనుమానం ఒక్కటే. అప్పుడు ఆమె ప్రపంచ ర్యాంకు 200 అన్నారు. కోర్డా నంబర్ వన్. 200వ ర్యాంకులో ఉన్న మనిషి నాలుగు రోజుల పాటు నంబర్ వన్‌కి అంత దగ్గరగా ఎలా ఆడగలిగింది? అదృష్టమా? తప్పుగా అనుకోకండి, తెలియక అడుగుతున్నా.

#3 · లీడర్‌బోర్డు

కొత్తబంతి గారూ, అదృష్టంతో ఒక రోజు బాగా ఆడొచ్చు. నాలుగు రోజులు ఆడలేం. ఆమె స్కోర్లు చూడండి: 67, 66, 68, 68. ఒక్క రోజు కూడా 70 దాటలేదు. అక్కడ పార్ 71.

ఇంకో సంగతి. ఆ ఒలింపిక్స్‌కి కొద్ది నెలల ముందే ఆమెకు కోవిడ్ వచ్చింది. ఒంట్లో బలం తగ్గి, బంతి అంతకు ముందు వెళ్లినంత దూరం కూడా వెళ్లలేదు. అసలే ఆమె పొడవుగా కొట్టే ఆటగత్తె కాదు. కోర్డా డ్రైవ్‌కీ (హోల్ మొదట్లో దూరం కొట్టే దెబ్బ) అదితి డ్రైవ్‌కీ మధ్య దూరం చూస్తే ఒకే టీ మీదనుంచి కొట్టారా అనిపిస్తుంది.

దాని అర్థం ఏమిటంటే, రెండో షాట్‌కి కోర్డా చేతిలో పొట్టి ఐరన్ (తక్కువ దూరానికి వాడే క్లబ్బు) ఉంటుంది. బంతి పైకి లేచి గ్రీన్ (కప్పు చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద మెత్తగా పడి ఆగుతుంది. అదితి అదే గ్రీన్‌కి హైబ్రిడో ఫెయిర్‌వే వుడ్డో (ఎక్కువ దూరానికి వాడే క్లబ్బులు) తీయాలి. ఆ బంతి కిందుగా వచ్చి పడ్డాక దొర్లుతూ పోతుంది, జెండా పక్కన ఆపడం చాలా కష్టం. అంటే హోల్ తర్వాత హోల్, రోజంతా, ఆమె కష్టమైన ప్రశ్నకి జవాబు రాస్తోంది. పక్కనున్నవాళ్లది సులువైన ప్రశ్న. అయినా మార్కులు దాదాపు సమానం. ఆ తేడా అంతా ఆమె గ్రీన్ దగ్గర, గ్రీన్ మీద పూడ్చుకుంది.

#4 · విశాఖతీరం

లీడర్‌బోర్డు గారు చెప్పినదానికి ఆమె మొదలుపెట్టిన తీరు కూడా కలపండి. అదితిది బెంగళూరు, 1998 మార్చిలో పుట్టింది. ఐదేళ్ల వయసులో అమ్మానాన్నలతో టిఫిన్‌కి వెళ్లిన చోటినుంచి కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు కనిపించేదట. అక్కడి చప్పట్లు, కేరింతలు విని అదేంటో చూద్దామని వెళ్లారు. ఇంట్లో అంతకు ముందు ఎవరూ గోల్ఫ్ ఆడలేదు. ముగ్గురూ కలిసే నేర్చుకున్నారు. మొదట ఆమె చేతిలో పెట్టింది పటర్, పట్ కొట్టే క్లబ్బు. అంటే ఆమె ఆట కప్పు దగ్గర మొదలై వెనక్కి పెరిగింది. నాకైతే ఇప్పటికీ ఆమె ఆటలో అది కనిపిస్తుంది.

2015 చివర్లో మొరాకోలో జరిగిన లేడీస్ యూరోపియన్ టూర్ క్వాలిఫయింగ్ స్కూల్ (టూర్లో ఆడే అర్హత కోసం జరిగే పోటీ) గెలిచింది. అప్పటికి 17 ఏళ్లు, దాన్ని గెలిచినవాళ్లందరిలో చిన్నది. 2016లో ప్రొఫెషనల్ అయింది. అదే సంవత్సరం ఇంకా 12వ తరగతి, రియో ఒలింపిక్స్, టూర్, అన్నీ ఒకేసారి. 18 ఏళ్ల పిల్లలు మనింట్లో పరీక్షల టెన్షన్‌తోనే నీరసపడిపోతారు.

రియోలో మొదటి రెండు రోజులు 68, 68 కొట్టి తొలి పదిలో ఉంది. తర్వాత జారి 41వ స్థానంలో ముగించింది. అక్కడ బ్యాగు మోసింది నాన్న. ఆ నవంబర్‌లో గురుగ్రామ్‌లో హీరో విమెన్స్ ఇండియన్ ఓపెన్ గెలిచి, లేడీస్ యూరోపియన్ టూర్లో టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలైంది. ఆ వెంటనే ఖతార్‌లోనూ గెలిచింది. ఏడాది చివర రూకీ ఆఫ్ ది ఇయర్.

అమెరికాలో ఎల్‌పీజీఏ టూర్ (అక్కడి మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్) ఆడిన మొదటి భారతీయురాలు కూడా ఈమే.

#5 · పాతక్యాడీ

విశాఖతీరం గారూ, చివరి మాట ఒక్కటి సరిచేస్తాను. ఎల్‌పీజీఏలో ముందు అడుగుపెట్టింది కోల్‌కతాకి చెందిన స్మృతి మెహ్రా. సిమి మెహ్రా అంటారు. 1990ల చివర్లోనే అక్కడ ఆడారు. ఆవిడ పేరు మర్చిపోకూడదు. ఇంటర్నెట్ లేని రోజుల్లో, మన దగ్గర ఆడవాళ్ల గోల్ఫ్ అంటే క్లబ్బు సభ్యుల కుటుంబాల కాలక్షేపం అనుకునే రోజుల్లో వెళ్లి ఆడిన మనిషి.

#6 · విశాఖతీరం

నిజమే అండీ, తప్పు నాదే. సరిదిద్దినందుకు సంతోషం. స్మృతి మెహ్రా గారి గురించి ఇక్కడ ఎవరైనా విడిగా ఒక చర్చ మొదలుపెడితే బావుంటుంది.

#7 · నల్లమల

నేను కొంచెం వేరేగా మాట్లాడతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. అదితి ఆట అంటే నాకు చాలా ఇష్టం. అందుకే చెబుతున్నా. మనం ఓటమిని మరీ ముద్దుగా చూసుకుంటున్నామేమో.

టోక్యో సరే. అక్కడ ఆమె ఓడిపోలేదు, లిడియా కో, ఇనామి ఇద్దరూ చివరి రోజు 65 కొట్టి దాటేశారు. 68 కొట్టిన మనిషిని తప్పుపట్టలేం. కానీ హాంగ్‌జౌ సంగతేమిటి? 2023 ఏషియన్ గేమ్స్. మూడో రోజు 61 కొట్టింది, 11 అండర్. అలాంటి రౌండ్ నా జీవితంలో ఇంకో భారతీయురాలు కొట్టగా చూడలేదు. ఏడు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజుకి వచ్చింది. ఆ రోజు 77. థాయ్‌లాండ్‌కి చెందిన అర్పిచయ యుబోల్ 19 అండర్‌తో బంగారం తీసుకుపోయింది. అదితి 17 అండర్, వెండి.

ఏషియన్ గేమ్స్ గోల్ఫ్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అని పత్రికలన్నీ రాశాయి. నిజమే, గొప్పే. కానీ ఏడు స్ట్రోకులు చేజారడం ఆమెకే ఎక్కువ బాధ అయి ఉంటుంది. "పర్వాలేదులే, వెండి వచ్చింది కదా" అనడం ఆమె స్థాయిని తక్కువ చేసినట్టే నాకు తోస్తుంది. 1982లో లక్ష్మణ్ సింగ్, 2002లో శివ్ కపూర్ బంగారం తెచ్చిన పోటీ అది. ఆమెకి ఆ వరసలో చేరే ఆట ఉంది.

#8 · కొత్తబంతి

ఏడు స్ట్రోకులంటే క్రికెట్ లెక్కలో ఎంత ఆధిక్యం అనుకోవాలి?

#9 · లీడర్‌బోర్డు

సరిగ్గా పోల్చలేం. ఎందుకంటే క్రికెట్‌లో మన ఆధిక్యాన్ని ఎదుటి జట్టు బౌలింగ్ చేసి తగ్గించాలి. గోల్ఫ్‌లో ఎదుటివాళ్లు మన బంతిని ముట్టుకోలేరు. యుబోల్ 68 ఆడింది, మంచి రౌండే. అదితి 74 కొట్టినా గెలిచేది. 75 అయితే ప్లేఆఫ్, అంటే సమానమైనవాళ్ల మధ్య విజేత కోసం అదనపు ఆట. అంటే నిద్రపోయే రోజులాంటి మామూలు రౌండ్ చాలు. అదే ఈ ఆటలో భయంకరమైన విషయం. మనల్ని ఎవరూ ఓడించరు, అయినా చేతిలోంచి జారిపోతుంది. ఆగి ఊపిరి పీల్చుకోవడానికి ఓవర్ మధ్య విరామం లేదు, మాట్లాడటానికి అవతలి ఎండ్‌లో బ్యాట్స్‌మన్ లేడు. షాట్‌కీ షాట్‌కీ మధ్య నడక మాత్రమే ఉంటుంది. ఆ నడకలోనే బుర్ర అంతా తిరుగుతుంది.

నల్లమల గారితో నేను సగం ఏకీభవిస్తాను. ఆ 77ని దాచిపెట్టక్కర్లేదు. అయితే 61 కొట్టిన మర్నాడు బాగా ఆడటం ఎంత కష్టమో ఎవరైనా ప్రొఫెషనల్‌ని అడగండి. ముందు రోజు ప్రతి పట్ లోపలికి వెళ్లింది. మర్నాడు మొదటి హోల్లో ఒకటి తప్పగానే చేతులకి అనుమానం వస్తుంది.

#10 · అమ్మాయినాన్న

నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మాయికి 13 ఏళ్లు, నాలుగేళ్లుగా ఆడుతోంది. తను గోల్ఫ్ పట్టుకోవడానికి కారణమే అదితి. అందుకే ఈ చర్చ నాకు కేవలం ముచ్చట కాదు.

ఒక సంగతి పంచుకుంటాను. మా అమ్మాయి పొట్టిగా, సన్నగా ఉంటుంది. బంతి దూరం పోదు. ఒక కోచ్ దగ్గర చేర్పిస్తే ఆయన మొదటి రోజే "ఈ కాలంలో దూరం లేకపోతే గోల్ఫ్ లేదు" అన్నారు. ఏడు నెలలు స్వింగ్ మొత్తం మార్పించారు. రోజుకి వందల బంతులు డ్రైవర్‌తోనే (దూరం కొట్టే పెద్ద క్లబ్బు). పటింగ్‌కి వారంలో ఒక్క గంట. చివరికి దూరం పెద్దగా పెరగలేదు, పిల్లకి నడుం నొప్పి మిగిలింది. మూడు నెలలు ఆట మానేయాల్సి వచ్చింది. పిల్ల రాత్రిపూట క్లబ్బులు తుడుచుకుంటూ ఏడుస్తుంటే ఏం చెప్పాలో తెలియలేదు నాకు.

ఆ రోజుల్లో అదితి టోక్యో వీడియో పెట్టి చూపించాను. "చూడమ్మా, ఈ అక్క బంతి కూడా దూరం పోదు, అయినా ఎక్కడ నిలబడిందో చూడు" అన్నాను. మా అమ్మాయి మొత్తం చూసి, "నాన్నా, ఈ అక్క ఎప్పుడూ తొందరపడదు, గమనించావా?" అంది. నేనది గమనించలేదు. స్కోరు చూస్తూ కూర్చున్నాను.

నా ప్రశ్న: ఇలాంటి పిల్లలకి నిజంగా ప్రొఫెషనల్ కెరీర్ ఉంటుందా? ఆశ పెట్టుకోవచ్చా? తెలిసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

#11 · పాతక్యాడీ

అమ్మాయినాన్న గారూ, నేను ఇరవై రెండేళ్లు క్యాడీగా పనిచేశాను. పెద్ద టూర్లలో కాదు, మన దగ్గర కోర్సులో, మన దేశంలో జరిగే టోర్నీల్లో. ఎన్నో బ్యాగులు మోశాను. దూరం కొట్టేవాళ్లని చాలామందిని చూశాను. అందులో చాలామంది ఇప్పుడు ఆటలో లేరు.

పార్ 72 కోర్సు అంటే లెక్క ఏమిటి? 18 గ్రీన్లు, ఒక్కోదానికి రెండు పట్‌లు. అంటే 72లో 36 స్ట్రోకులు గ్రీన్ మీదే కొట్టాలని లెక్కగట్టి పెట్టారు. సగం! డ్రైవర్ రోజుకి 14 సార్లు తీస్తారేమో. మన పిల్లల ప్రాక్టీసు మాత్రం తలకిందులుగా ఉంటుంది.

నాకు పటింగ్ నేర్పింది ఎవరో కాదు, మంచు. పొద్దున మొదటి బ్యాచ్‌తో వెళ్లినప్పుడు గ్రీన్ మీద మంచు సన్నగా, వెండి పూత పూసినట్టు పరుచుకుని ఉంటుంది. ఆ మంచు మీద బంతి దొర్లితే దాని వెనక ముదురు గీత పడుతుంది. బంతి నడిచిన దారి మొత్తం కళ్లెదుట ఉంటుంది. మొదట్లో గీత దాదాపు తిన్నగా వెళుతుంది. కప్పు దగ్గరికొచ్చేసరికి, వేగం చచ్చేకొద్దీ, ఒక్కసారిగా వాలువైపు కొడవలిలా వంగుతుంది. చూసే కళ్లకి వంపు మొత్తం దారంతా సమానంగా ఉంటుందనిపిస్తుంది, కానీ కాదు. ఆఖరి మూడు నాలుగు అడుగుల్లోనే అసలు వంపు. మెల్లగా కొడితే ఎక్కువ వంగుతుంది, గట్టిగా కొడితే తక్కువ వంగుతుంది. అంటే దారి ఎంచుకోవడం, వేగం ఎంచుకోవడం రెండు పనులు కాదు, ఒకటే పని. ఈ ముక్క నాకు పుస్తకాలేవీ చెప్పలేదు. చలికాలం పొద్దుటి పూటలు చెప్పాయి.

అదితి పట్ కొట్టేది చూడండి. బంతి కప్పు దాటి ఎంత దూరం పోతుందో చూడండి. తప్పినా పక్కనే, చేయి చాచితే అందేంత దగ్గర ఆగుతుంది. వేగం అంత చేతిలో ఉంటుంది ఆ అమ్మాయికి. 18లో తప్పిన ఆ పట్ చూసి అందరూ అయ్యో అన్నారు. అంత దూరం నుంచి, ఆ ఒత్తిడిలో, కప్పు అంచు దాకా బంతిని తీసుకెళ్లడమే ఎంత పని అన్నది నేను చూశాను.

ఇక ఆశ పెట్టుకోవచ్చా అన్నారు. పిల్ల రాత్రి కూర్చుని క్లబ్బులు తుడుచుకుంటోందని రాశారే. నేను దాన్ని బట్టే చెబుతాను, పెట్టుకోండి. నడుం సంగతి మాత్రం డాక్టర్ సరేనన్నాకే.

#12 · నల్లమల

పాతక్యాడీ గారూ, ఆ మంచు మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

#13 · గోల్కొండ_గ్రీన్

అమ్మాయినాన్న గారి ప్రశ్నకి ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ప్రొఫెషనల్ గోల్ఫర్ జీవితం ఖర్చుల లెక్క తెలియాలి.

టూర్లో వారం వారం టోర్నీ. నాలుగు రోజుల ఆట. రెండు రోజులయ్యాక కట్ పడుతుంది, వెనకబడ్డవాళ్లు ఇంటికే. కట్ తప్పితే మామూలుగా చేతికి ఏమీ రాదు. కానీ విమానం టికెట్, హోటల్, తిండి, క్యాడీ వారం జీతం అన్నీ అప్పటికే పెట్టేసి ఉంటారు. గెలిస్తే ప్రైజ్‌మనీలో 10 శాతం దాకా క్యాడీకి ఇవ్వడం ఆనవాయితీ. సీజన్ చివర పాయింట్ల పట్టికలో కింద పడితే టూర్ కార్డు (టూర్లో ఆడే అర్హత) పోతుంది, మళ్లీ క్వాలిఫయింగ్ స్కూల్. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ప్రతి డిసెంబర్‌లో మళ్లీ ఇంటర్వ్యూకి వెళ్లినట్టు. జట్టు లేదు, బోర్డు కాంట్రాక్టు లేదు, గాయమైతే జీతం లేదు.

ఇలాంటి లోకంలో ఒక బెంగళూరు అమ్మాయి 2017 నుంచి ఎల్‌పీజీఏలో ఏళ్ల తరబడి నిలబడింది. అమ్మో నాన్నో బ్యాగు మోస్తూ, ఒక్కో ఊరూ తిరుగుతూ. నా లెక్కలో ఆమె కెరీర్‌లో పెద్ద విషయం అది. పతకాల కన్నా పెద్దది అంటాను.

ఇంకోటి. ఇదే నన్ను బాగా తొలిచే సంగతి. ఏ టూర్ టోర్నీలోనైనా అంతమంది మధ్య నాలుగో స్థానం వస్తే ఆ వారం అద్భుతమైన వారం. మంచి డబ్బు, మంచి పాయింట్లు, కార్డు భద్రం. క్యాడీతో చేతులు కలిపి సంతోషంగా ఇంటికెళతారు. ఒలింపిక్స్‌లో అదే నాలుగుకి ఏమీ లేదు. ప్రైజ్‌మనీ ఎలాగూ లేదు, పోడియం కూడా లేదు. ఆటలో తేడా లేదు, అవే 72 హోల్స్. కొలిచే కొలబద్ద వేరు. మనం గోల్ఫ్‌ని నాలుగేళ్లకోసారే చూస్తాం కాబట్టి ఆ కొలబద్దే మనకి మిగిలింది.

#14 · లీడర్‌బోర్డు

గోల్కొండ_గ్రీన్ గారి మాటకి 2023 మంచి సాక్ష్యం. ఆ ఒక్క ఏడాదిని వరసగా చూడండి.

ఫిబ్రవరిలో కెన్యా లేడీస్ ఓపెన్ గెలిచింది, తొమ్మిది స్ట్రోకుల తేడాతో. అంతకు ముందు ఆమె టైటిల్ 2017లో అబుధాబిలో. అంటే ఐదేళ్లకు పైగా ఒక్క విజయం లేదు. ఆ మధ్యలోనే టోక్యో ఉంది. టైటిల్ లేని ఆ ఏళ్లలో ఆమె వెనకబడిందని ఎవరైనా అనుకుంటే, ఆ కెన్యా వారం జవాబు చెప్పింది.

ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఎల్‌పీజీఏ టోర్నీ. హానా గ్రీన్, లిన్ షియుతో కలిసి ముగ్గురూ ప్లేఆఫ్‌కి వెళ్లారు. గ్రీన్ గెలిచింది. ఎల్‌పీజీఏలో భారతీయురాలి విజయం అంత దగ్గరగా వచ్చి ఆగిపోయింది. అది మన పేపర్లలో ఎక్కడో ఒక మూల పడింది. నా దృష్టిలో టోక్యోకి ఏమాత్రం తీసిపోని వారం అది.

ఆ తర్వాత హాంగ్‌జౌ, నల్లమల గారు చెప్పినదే. ఆ తర్వాత? అది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఏడు స్ట్రోకులు పోగొట్టుకున్న మనిషి రెండు నెలలు తిరక్కుండానే, నవంబర్ చివర్లో స్పానిష్ ఓపెన్ గెలిచింది. లేడీస్ యూరోపియన్ టూర్లో ఐదో టైటిల్.

#15 · నల్లమల

ఒప్పుకుంటున్నాను. స్పెయిన్ గెలుపు తేదీని హాంగ్‌జౌ పక్కన పెట్టి నేనెప్పుడూ చూడలేదు. రెండూ నాకు తెలుసు, కానీ విడివిడిగా తెలుసు.

అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. మెచ్చుకోవడమంటే తప్పుల్ని మూసిపెట్టడం కాదు. ఆమె ఎల్‌పీజీఏలో గెలవాలని నేను కోరుకుంటున్నాను, ఆ కోరిక ఆమెని తక్కువ చేయడం కాదు.

#16 · విశాఖతీరం

ఆ కోరిక అందరిదీ. మన మగవాళ్ల గోల్ఫ్ చూసినా ఓపిక ఎంత అవసరమో తెలుస్తుంది. జీవ్ మిల్ఖా సింగ్ 1999లో గెలిచాక మళ్లీ గెలవడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. మణికట్టు గాయంతో ఎంతో ఇబ్బందిపడ్డాడు. ఆ 2006లోనే చైనా ఓపెన్, తర్వాత వాల్డెరామాలో వోల్వో మాస్టర్స్, ఆసియా టూర్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ (సీజన్ సంపాదన పట్టికలో అగ్రస్థానం). మధ్యలో ఎవరైనా "ఇతని పని అయిపోయింది" అని ఉంటే ఎంత తప్పు!

అర్జున్ అత్వాల్ సంగతి ఇంకా విచిత్రం. 2010లో పీజీఏ టూర్ (అమెరికా మగవాళ్ల టూర్) కార్డు పోయింది. సోమవారం జరిగే క్వాలిఫయింగ్ ఆడి విండమ్ ఛాంపియన్‌షిప్‌లోకి వచ్చాడు. ఆదివారం ట్రోఫీ ఎత్తాడు. పీజీఏ టూర్లో గెలిచిన మొదటి భారతీయుడు. సోమవారం క్వాలిఫయర్ ఆడి వచ్చి అక్కడ ఒకరు గెలవడం 1986 తర్వాత అదే మొదటిసారి. ఉద్యోగం పోయిన కొద్ది వారాల్లోనే జీవితంలో పెద్ద గెలుపు.

#17 · కొత్తబంతి

ఇదంతా చదువుతుంటే నా తలలో గోల్ఫ్ అనే ఆట మారిపోతోంది. దీక్షా డాగర్ గురించి కూడా ఎవరైనా చెప్పండి, టోక్యోలో ఆమె కూడా ఆడింది కదా?

#18 · పాతక్యాడీ

ఆడింది, ఆఖరి నిమిషంలో పిలుపొచ్చి వెళ్లింది. హర్యానా అమ్మాయి. పుట్టుకతోనే వినికిడి లోపం. ఎడమచేతివాటం. 2019లో దక్షిణాఫ్రికాలో, 2023లో చెక్ దేశంలో లేడీస్ యూరోపియన్ టూర్ టైటిళ్లు గెలిచింది. డెఫ్లింపిక్స్‌లో (వినికిడి లోపం ఉన్నవాళ్ల ఒలింపిక్స్) బంగారం తెచ్చింది. అదితి లేకపోతే ఈ దారి ఆ పిల్లకి ఇంత స్పష్టంగా కనిపించేదా అన్నది నా అనుమానం. పోటీ పడేవాళ్లు ఇద్దరుంటే ఇద్దరికీ మంచిది.

#19 · గోల్కొండ_గ్రీన్

ఇంకో పోలిక రాస్తాను, చాలాసార్లు మనసుకొచ్చింది. లిడియా కో అదితి కన్నా దాదాపు ఏడాది పెద్ద. నెల్లీ కోర్డా నాలుగు నెలలు చిన్న. ముగ్గురూ ఒకే ఈడువాళ్లు. కోకి రియోలో వెండి, టోక్యోలో కంచు, పారిస్‌లో బంగారం. ఆ మూడు ఒలింపిక్స్‌లోనూ అదితి కూడా ఆడింది. పారిస్‌లో 29వ స్థానంలో ముగించింది. అక్కడ కో బంగారం అందుకోవడం చూస్తుంటే నాకు టోక్యో చివరి గ్రూపే గుర్తొచ్చింది. ఆ ముగ్గురిలో ఇద్దరికి వాళ్ల దేశంలో దారి ముందే ఉంది, కోచ్‌లున్నారు, జూనియర్ పోటీలున్నాయి, వాళ్లని చూసి ఆశ్చర్యపోనివాళ్లున్నారు. మూడో అమ్మాయి ఆ గ్రూపులోకి తన దారి తనే వేసుకుంటూ వచ్చింది.

#20 · అమ్మాయినాన్న

అందరికీ కృతజ్ఞతలు. పోస్టులన్నీ ఒక్కొక్కటే మా అమ్మాయికి చదివి వినిపించాను. డాక్టర్ గత వారమే మెల్లగా మొదలుపెట్టొచ్చన్నారు, డ్రైవర్ మాత్రం ఇంకో నెల ముట్టొద్దన్నారు. పటింగ్‌కి అడ్డం లేదు.

ఖర్చుల గురించి గోల్కొండ_గ్రీన్ గారు రాసింది మా ఆవిడా నేనూ విడిగా కూర్చుని చదువుకున్నాం. భయం వేసింది. కానీ తెలిసి భయపడటం నయం.

మా అమ్మాయి పాతక్యాడీ గారిని ఒకటి అడగమంది. మంచు మీద గీత ఆఖర్లో వంగుతుందన్నారు కదా, ఎత్తు మీదికి కొట్టే పట్‌లో కూడా అంతేనా, అక్కడ తక్కువ వంగుతుందా అని.

#21 · పాతక్యాడీ

తక్కువే వంగుతుంది. ఎత్తుకి కొట్టేటప్పుడు బంతికి వేగం ఎక్కువ ఇవ్వాలి కాబట్టి వాలు దాన్ని లాగేలోపే కప్పు దగ్గరికి చేరుతుంది. దిగుడులో దీనికి తలకిందులు. అడిగిన ప్రశ్న బావుంది. ఆ వయసులో నాకు తట్టలేదు.

నేను ఇప్పటికీ ఆదివారాలు కోర్సుకి వెళుతుంటాను. మీరుండేది ఈ ఊళ్లోనే అయితే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ప్రాక్టీస్ గ్రీన్ దగ్గర కలుద్దాం. పటర్, మూడు బంతులు చాలు, బ్యాగు తేవద్దు. ఆరుకల్లా రావాలి. ఎండెక్కితే మంచు ఆరిపోతుంది.